ఆ ప్రార్థన ఎవరి కోసం? (నా అనుభవం)

నా కౌన్సెలింగ్ సెషన్ రికార్డింగ్‌ని ముప్పై ఒకటో నిమిషం దగ్గర సూపర్‌వైజర్ మేడమ్ ఆపేశారు. కాస్త వెనక్కి జరిపి మళ్లీ వినిపించారు. అందులో నా గొంతు: "ఒకసారి ప్రార్థన చేసుకుందామా అమ్మా?" ఆ తర్వాత రెండున్నర నిమిషాలు నా ప్రార్థన. మంచి ప్రార్థనే. మాటలు కుదిరాయి, సరైన చోట గొంతు వణికింది. నేను ఆమేన్ అంటే ఆ అమ్మాయి కూడా చిన్నగా ఆమేన్ అంది.

"దీనికి ముందు ఆ అమ్మాయి ఏమంది?" అని అడిగారు మేడమ్.

"నేను లేకపోతే మా ఇంట్లోవాళ్లకి కాస్త భారం తగ్గుతుంది సిస్టర్ అంది మేడమ్."

"అని ఆగింది. ఎందుకు ఆగింది?"

నేను మాట్లాడలేదు.

"ఇంకా ఏదో చెప్పబోయింది. నువ్వేమో కళ్లు మూసుకోమన్నావు."

అప్పుడు నేను కౌన్సెలింగ్ శిక్షణ చివరి ఏడాదిలో ఉన్నాను. క్లయింట్ ఒప్పుకుంటే సెషన్ రికార్డు చేసి, వారం వారం సూపర్‌విజన్‌లో వినిపించడం శిక్షణలో భాగం. (ఇక్కడ రాసే క్లయింట్ల వివరాలన్నీ ఎవరూ గుర్తుపట్టకుండా మార్చేశాను.) మేడమ్ ఆ అమ్మాయి ఫైలు తెరిచారు. అందులో ఆమె నింపిన పీహెచ్‌క్యూ-9 కాగితం ఉంది. డిప్రెషన్ ఎంతుందో అంచనా వేసే తొమ్మిది ప్రశ్నల ఫారం అది. గత రెండు వారాల్లో చనిపోతే బాగుండుననో, తనను తాను గాయపరుచుకోవాలనో అనిపించిందా అని అడిగేది తొమ్మిదో ప్రశ్న. దాని ఎదురుగా 'కొన్ని రోజులు' అనే గడిలో టిక్కు ఉంది. ఆ టిక్కు నేను చూశాను. చూసి కూడా ప్రార్థన చేశాను.

మేడమ్ తిట్టలేదు. "ముందు ఫోన్ చేయి. తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. ఆ సాయంత్రమే ఆ అమ్మాయిని రమ్మని, మేడమ్ పక్కనుండగా, అడగాల్సినవి అడిగాను. చనిపోవాలనిపిస్తోందా? ఎలా అనేది ఆలోచించావా? దగ్గర ఏమైనా పెట్టుకున్నావా? ఇలా సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు, నేనూ భయపడ్డాను. అలా కాదని పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. చదివింది ఆ రోజు కళ్లారా చూశాను. అడగ్గానే ఆ అమ్మాయి భుజాలు కిందికి దిగాయి. "హమ్మయ్య, అడిగారు" అంది. ఒంటరిగా ఉండకుండా చూసుకోవడానికి అక్కని పిలిపించాం, సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాం, రాత్రి పూట ఆ ఆలోచన వస్తే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో ముగ్గురం కలిసి కాగితం మీద రాసుకున్నాం.

ఇంటికొచ్చి ఆ రికార్డింగ్ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. మేడమ్ మీద కోపంగా కూడా ఉంది. ఆవిడ దేవుణ్ణి నమ్మరు, ఆవిడకేం తెలుస్తుంది అనుకున్నాను. కానీ ఎంత తిప్పి చూసుకున్నా ఒకటే తేలింది. ఆ అమ్మాయి అంత మాట అనగానే నా గుండె దడదడలాడింది. టెన్షన్ వస్తే చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన పని ప్రార్థన. అదే చేశాను. ఆ రెండున్నర నిమిషాల్లో నెమ్మది దొరికింది నాకు. ఆమెకు కాదు.

నేను ఈ చదువులోకి వచ్చినప్పుడు రెండు వైపులా అనుమానంగానే చూశారు. "వాక్యం ఉండగా సైకాలజీ ఎందుకమ్మా?" అన్నారు సంఘంలో ఒక పెద్దాయన. అది ఆయన ఒక్కరి మాట కాదు. శరీర రోగం వల్ల వచ్చినవి తప్ప మనసు బాధల వెనక ఉండేది పాపమేననీ, బైబిల్‌తో బుద్ధి చెప్పి సరిదిద్దడమే మార్గమనీ 1970లో జే ఆడమ్స్ అనే అమెరికన్ పాస్టర్ వాదించాడు. ఆ వాదన వెనక పెద్ద ఉద్యమమే నడిచింది. క్లాసుకి వెళ్తే ఇంకో రకం. సైకోఅనాలిసిస్‌కి, అంటే మనసు లోతుల్లో దాగినవాటిని మాటల ద్వారా బయటికి తెచ్చే పద్ధతికి, ఆద్యుడైన ఫ్రాయిడ్ 1927లో ఒక పుస్తకంలో మతాన్ని భ్రమ అన్నాడని మొదటి నెలలోనే పాఠం. పక్క బెంచీ అమ్మాయి నా మెడలో సిలువ వైపు చూసింది. చూసిందని నాకనిపించింది, అంతే కావచ్చు.

ఆ రోజుల్లో నాకు ఊపిరి పోసింది ఆస్కార్ ఫిస్టర్ అనే స్విట్జర్లాండ్ పాస్టర్. సైకోఅనాలిసిస్ నేర్చుకుని, తన సంఘంలోని మనుషులకు ఉపయోగించినవాడు. 1909 నుంచి ఫ్రాయిడ్‌కీ ఆయనకీ మధ్య ఉత్తరాలు నడిచాయి. ఈ పద్ధతి మతానికి అనుకూలమూ కాదు, వ్యతిరేకమూ కాదు, బాధపడేవాళ్ల కోసం పాస్టరైనా ఇంకొకరైనా వాడుకోగలిగే పనిముట్టు అనే అర్థంలో ఫ్రాయిడే ఆయనకు రాశాడు. 1927 నాటి పుస్తకానికి ఫిస్టర్ మరుసటి ఏడాదే గట్టి జవాబిచ్చాడు, అదీ ఫ్రాయిడ్ నడిపే పత్రికలోనే. అయినా 1939లో ఫ్రాయిడ్ చనిపోయేదాకా వాళ్ల స్నేహం చెడలేదు. మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక్క మాట తేడా వస్తే ముగ్గురు బయటికి వెళ్లిపోతారు.

కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ కూడా పాస్టర్ చదువు రెండేళ్లు చదివి దారి మార్చుకున్నవాడే. కౌన్సెలర్‌లో కపటం ఉండకూడదు, ఎదుటి మనిషిని షరతుల్లేకుండా ఆదరించాలి, వాళ్ల లోపల నిలబడి చూడగలగాలి అని ఆయన చెప్పినవి చదివినప్పుడు, ఇది మేం కృప అని పిలిచేదానికి దగ్గర చుట్టమే కదా అనిపించింది. ఆ ముక్క గొప్పగా మేడమ్ దగ్గర అన్నాను. "అయ్యుండొచ్చు. ముందు చేసి చూపించు" అన్నారు.

రికార్డింగ్ గొడవ తర్వాత ఆవిడ ఒక షరతు పెట్టారు. మూడు నెలలు సెషన్‌లో ప్రార్థన గానీ వాక్యం గానీ నా అంతట నేను ఎత్తకూడదు. క్లయింట్ ఎత్తితే వినాలి, అడగాలి, అంతే. ఉపవాస ప్రార్థన తెలుసు గానీ ప్రార్థనకే ఉపవాసం ఉండటం అదే మొదటిసారి. నాలుక చివరిదాకా వాక్యం వచ్చినప్పుడల్లా చిన్న నోట్‌బుక్‌లో గీత పెట్టి, ఆ క్షణంలో నాకేమనిపించిందో పక్కన రాయమన్నారు. మొదటి వారం పదకొండు గీతలు. వాటి పక్కన రాసుకున్నవి ఇలాంటివి: 'భయం'. 'మౌనం భరించలేకపోయాను'. 'ఫీజు తీసుకుంటున్నాను, ఏదో ఒకటి ఇవ్వాలి కదా'. ఒకచోట 'ఆమె ఏడుపు ఆపాలి' అని ఉంది. పదకొండులో క్లయింట్ చెప్పినదానికి నిజంగా సంబంధం ఉన్నవి రెండు.

ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. డిగ్రీ కాగితం ఎక్కడుందో వెతకాలి.

మూడు నెలలయ్యాక పద్ధతి నేర్చుకోవడం మొదలైంది. సియాంగ్-యాంగ్ టాన్ అనే సైకాలజిస్ట్ ఈ పనిని రెండు రకాలుగా చెబుతాడు. కౌన్సెలర్ విశ్వాసం నోటిమాటల్లోకి రాకుండా తన తీరులోనే ఉండటం ఒకటి, ప్రార్థననీ లేఖనాన్నీ బాహాటంగా వాడటం రెండోది. మనిషిని బట్టి, సందర్భాన్ని బట్టి ఈ రెండింటి మధ్య ఎక్కడైనా నిలబడవచ్చు. అయితే ఎక్కడ నిలబడాలో నిర్ణయించేది నేను కాదు. అందుకే మొదటి సెషన్‌లోనే నాలుగు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకున్నాను. క్రిస్టినా పుచాల్స్కీ అనే డాక్టర్ రోగుల కోసం తయారుచేసిన వరస అది. మీకు నమ్మకం ఏదైనా ఉందా? మీ బతుకులో దానికి ఎంత చోటుంది? ఆ నమ్మకంలో మీతో నడిచే మనుషులున్నారా? ఇక్కడ మన మాటల్లోకి అది రావాలా, వద్దా? ఈ నాలుగోది నాకు ప్రాణం.

ఆ ప్రశ్నకి ఒకతను "నేను పాస్టర్ కొడుకుని. అందుకే వద్దు" అన్నాడు. పది సెషన్లు నిద్ర, ఆఫీసు, మీటింగ్ ముందు చెమటలు పట్టడం, వీటి గురించే పనిచేశాం. దేవుడి పేరు రాలేదు. అతను కుదుటపడి వెళ్లిపోయాడు. నా లెక్కలో అదీ విశ్వాసంతో చేసిన పనే, కాకపోతే దేవుడు చేసిన మేలు ఇదీ అని సంఘంలో సాక్ష్యంగా చెప్పడానికి పనికిరాదు.

ఇంకో కుర్రాడి దగ్గర మాత్రం విశ్వాసం పక్కన పెట్టడం కుదరలేదు, ఎందుకంటే జబ్బు వచ్చి కూర్చున్నదే అక్కడ. పరిశుద్ధాత్మను దూషించిన పాపానికి ఎప్పటికీ క్షమాపణ లేదని మార్కు సువార్త 3వ అధ్యాయంలో ఉంది. ఆ పాపం తను చేసేశానేమోనని అతని భయం. ప్రార్థన మధ్యలో ఒక బూతుమాట మనసులో మెరుస్తుంది. వెంటనే క్షమించమని అడుగుతాడు. సరిగ్గా అడిగానో లేదోనని మళ్లీ అడుగుతాడు. తెల్లవారేదాకా మోకాళ్ల మీదే. మొదటి మూడు వారాలు నేను చేసింది చెప్పడానికి సిగ్గుగా ఉంది. అతను ఆ భయం చెప్పగానే ధైర్యం చెప్పేదాన్ని. "అంత భయపడుతున్నావంటేనే ఆ పాపం చేయలేదని అర్థం" అని మా సంఘాల్లో అందరూ చెప్పే మాటే చెప్పి, రెండు వాక్యాలు చూపించేదాన్ని. అతని ముఖం వెలిగేది. మర్నాడు ఉదయం మెసేజ్: "సిస్టర్, నిన్న చెప్పింది ఇంకోసారి చెప్పరా?"

నేను మందు ఇస్తున్నాననుకున్నాను. నిజానికి జబ్బుకి మేత వేస్తున్నాను. అది ఓసీడీ, అంటే అక్కర్లేని ఆలోచన పదేపదే వచ్చి, దాన్ని చల్లార్చడానికి ఒకే పని మళ్లీ మళ్లీ చేయించే జబ్బు. చేతులు పదేపదే కడుక్కునేవాళ్లకి సబ్బు ఎలాగో, ఇతనికి నా ధైర్యవచనం అలాగ. భక్తి రూపంలో వచ్చే ఈ ఓసీడీకి ఇంగ్లీషులో ఉన్న పేరు స్క్రుపులాసిటీ. పదునైన చిన్న రాయి అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిందది. చెప్పులో రాయి అన్నమాట. ఆ పేరు పెట్టినవాళ్లెవరో గానీ నొప్పి తెలిసినవాళ్లే.

దీనికి వైద్యం, భయాన్ని ఎదురుగా పెట్టుకుని కూడా దాన్ని చల్లార్చే పని చేయకుండా కూర్చోవడం నేర్పడం. అంటే 'ఆ పాపం చేశానేమో, చేయలేదేమో, తెలియదు' అని కాగితం మీద రాసి, చదువుకుని, క్షమాపణ అడగకుండా ఉండాలి. విశ్వాసికి ఇది ఎంత కష్టమో ఆలోచించండి. క్షమాపణ అడగవద్దని ఒక క్రైస్తవ కౌన్సెలర్ చెబుతోంది! అతను నన్ను అనుమానంగా చూశాడు. నా మీద నాకే అనుమానం వచ్చింది. అతని రాతపూర్వక అనుమతి తీసుకుని, వాళ్ల పాస్టర్ గారిని కలిశాను. ఆయన అరగంట మాట్లాడకుండా విని, చివర ఒక్కటే అడిగారు. "అయితే అతను రోజూ నాకు ఫోన్ చేసినప్పుడు నేను ప్రార్థన చేసి పెట్టేయడం..." అని ఆయనే ఆగిపోయారు. ముగ్గురం కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నాం. సంఘంతో కలిసి ఆదివారం చేసే ఒప్పుకోలు ప్రార్థన ఒక్కసారే. అదే విషయం మీద మళ్లీ ఫోన్ చేస్తే పాస్టర్ గారు "దీని గురించి మాట్లాడుకున్నాం కదా నాన్నా, క్రికెట్ చూశావా?" అనాలి. ఆ క్రికెట్ సంగతి ఆయన సొంత తెలివి. సైకియాట్రిస్ట్ మందులూ నడిచాయి. ఏడు నెలలు పట్టింది. ఆలోచన ఇప్పటికీ మెరుస్తుందట, వెనకాల పరిగెత్తడం తగ్గింది.

పాస్టర్లందరితో ఇలా కుదరలేదు. డిప్రెషన్‌కి మందులు వాడుతున్న ఒకాయన అకస్మాత్తుగా మానేశాడు. తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, ఇంట్లో అందరి మీదా అరవడం. ఆ మందులు పనిచేయడానికి వారాలు పడతాయి, ఆపాలన్నా డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ ఆపాలి. ఎవరు మానేయమన్నారని అడిగితే ఎవరూ అనలేదన్నాడు. వాళ్ల ఇంటివాళ్ల కోపమంతా పాస్టర్ గారి మీద. నేనూ అదే అనుకున్నాను. తీరా చూస్తే ఆయన మానేయమనలేదు, సాక్ష్యం చెప్పమన్నారు. కూడికలో మైకు చేతికిచ్చారు. "దేవుడు నన్ను స్వస్థపరిచాడు" అని ఇతను చెప్పాడు, అందరూ చప్పట్లు కొట్టారు. నాతో అన్న మాట ఇది: "అంతమంది ముందు చెప్పాక మాత్ర వేసుకుంటే అబద్ధమైపోతుంది కదా సిస్టర్. అందుకే మానేశాను." అంటే చెప్పింది నిజం చేయడానికి మానేశాడు. దీనికి ఏ సిద్ధాంతంతో జవాబు చెప్పాలి? చెప్పలేదు. "మైకులో చెప్పకుండా మిగిలిపోయింది ఏమైనా ఉందా?" అని అడిగాను. ఆ మిగిలింది చెప్పడానికి రెండు సెషన్లు పట్టింది. డాక్టర్ దగ్గరికి తిరిగి వెళ్లాడు. పాస్టర్ గారిని కలుస్తానంటే మాత్రం వద్దన్నాడు, నేను కలవలేదు.

సంఘంలో దుఃఖానికి మేం ఇచ్చే టైం చాలా తక్కువ అని నాకు అర్థమైంది బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి దగ్గర. నెల తిరగకముందే "దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడు" అనేశారట, సమాధి కార్యక్రమానికి వచ్చినవాళ్లే. 'ఎల్లప్పుడును సంతోషముగా ఉండుడి' అనే వాక్యం ఫ్రేము కట్టించి ఇచ్చారట ఒకరు. ఆమె ప్రార్థన మానేసింది, మానేసినందుకు దేవుడు ఇంకా శిక్షిస్తాడని భయపడుతోంది. కెన్నెత్ పార్గమెంట్ అనే పరిశోధకుడు ఈ రెండు వైపులనీ కొలవడానికి పద్నాలుగు ప్రశ్నలు తయారుచేశాడు. ఏడు విశ్వాసం ఎలా ఆదుకుంటోందో అడుగుతాయి, ఏడు దేవుడు వదిలేశాడా, శిక్షిస్తున్నాడా అనే పోరాటం గురించి. రెండో ఏడు చదువుతుంటే ఆమె "ఇలా అనిపించేవాళ్లు ఇంకా ఉన్నారా?" అంది. ప్రశ్నలు అచ్చయి ఉన్నాయంటే ఉన్నట్టే కదా.

మొదటి సెషన్‌లో నేనడిగే ఆ నాలుగో ప్రశ్నకి ఆమె "వాక్యం కావాలి, కానీ మంచి మాటలు వద్దు" అంది. అలాంటి వాక్యం బైబిల్‌లో ఉంది. కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు ఏడుపులే. వాటిలోనూ చాలావరకు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి. 88వ కీర్తన తిరగదు. 'చీకటియే నాకు బంధువర్గమాయెను' అని అక్కడే అయిపోతుంది. ఆమెను చదవమన్నాను. చదివి, తర్వాతి పేజీ తిప్పింది, మిగతా భాగం ఉందేమోనని. లేదు. చాలాసేపు ఆ పేజీ మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. ఆ రోజు నేను నోరు తెరవలేదు. నోట్‌బుక్ రోజులు లేకపోతే తెరిచేదాన్నే.

ఒక తప్పు కూడా చెప్పి తీరాలి. మా ప్రార్థన గుంపులో ఒకసారి "ఒక సహోదరి, పేరు వద్దు, భర్తతో చాలా కష్టంలో ఉంది, ప్రార్థించండి" అన్నాను. పేరు వద్దన్నాను కాబట్టి రహస్యం కాపాడాననుకున్నాను. అందరూ అందరికీ తెలిసిన చోట పేరెందుకు? ఆదివారం మధ్యాహ్నానికి ఆమెకి ఓదార్పు ఫోన్లు వెళ్లాయి. ఆమె మళ్లీ నా దగ్గరికి రాలేదు. అప్పటి నుంచి మా సంఘం వాళ్లని క్లయింట్లుగా తీసుకోవడం మానేశాను, ఇంకొకరి దగ్గరికి పంపుతాను. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకుని "ఒక్క ఐదు నిమిషాలు సిస్టర్" అనేవాళ్లకి అది గర్వంలా కనిపిస్తుంది. కనిపించనీ.

మొదట చెప్పిన ఆ అమ్మాయి ఏడాదిన్నర వచ్చింది. మందులు, వారం వారం సెషన్లు, మధ్యలో రెండుసార్లు బాగా కిందికి జారడం. ఒక రోజు వెళ్లబోతూ కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చుంది.

"సిస్టర్, ఆ మొదట్లో ఒకసారి ప్రార్థన చేశారు, గుర్తుందా?"

గుర్తుందన్నాను. చెవులు వేడెక్కాయి.

"ఇప్పుడు చేసుకుందామా?"

"చేసుకుందాం. నన్ను ఏం అడగమంటావు?"

"మీరొద్దు. నేను చేస్తాను. మీరు వినండి."

ఆమె కళ్లు మూసుకుంది. నేను మూసుకోలేదు. ఆమె పరీక్ష గురించి అడిగింది, అక్క కాన్పు గురించి అడిగింది, రాత్రిపూట మూడింటికి మెలకువ రాకుండా చేయమంది. తర్వాత ఏదో అనబోయి ఆగింది. చాలాసేపు ఆగింది. ఎదురుగా గోడ గడియారం నడుస్తోంది, బయట తర్వాతి క్లయింట్ వచ్చిన అలికిడి వినిపిస్తోంది, నేను కదల్లేదు.

"ఇంతే" అంది కళ్లు తెరిచి. ఆమేన్ అనలేదు. బ్యాగు తీసుకుని, వచ్చే మంగళవారం రాలేనని, బుధవారం కుదురుతుందా అని అడిగింది.